నోటు, హుండీ, చెక్కు, ఫోను చెల్లింపు: చట్టము చెప్పు అర్థములు

గ్రామ పంచాయతీ సభ్యుని గడపకు వచ్చు తగవులలో పొలము గట్ల తగవు ఒక తెగ. కాగితముల తగవు మరియొక తెగ. "బాబూ, ఈ కాగితమొకసారి చూడండి" అని రైతు మడతలు పడిన పత్రమును సభ్యుని చేతికిచ్చును. అది అప్పు నోటు కావచ్చును. బ్యాంకు త్రిప్పి పంపిన చెక్కు కావచ్చును. చక్కెర కర్మాగారపు తూకపు చీటి కావచ్చును. నేటి దినములలో కాగితమే లేక ఫోను అద్దముపై కనబడు చెల్లింపు గుర్తు మాత్రమే కావచ్చును. వాడుకలో వీటన్నిటికిని "కాగితము" అను పేరొకటే చాలును. న్యాయస్థానమునకు చాలదు. అది ఏ జాతి పత్రమో తేలిన తరువాతనే దానికెంత బలము, ఎన్నాళ్లు ఆయువు, ఎవరికి హక్కు అను ప్రశ్నలకు సమాధానము దొరకును. పత్రము యొక్క జాతిని నిర్ణయించునది దాని శిరోనామము కాదు, అందలి మాటలు. ఆ మాటలనే ఈ పాఠమునందు పరిశీలింతము.

చోడవరము ప్రాంతము 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. నేడు అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లా పేరు మారినను ఇచ్చటి వ్యవహారపు తీరు మారలేదు. గోవాడలో చోడవరము సహకార చక్కెర కర్మాగారము వెలసినది. అనకాపల్లి బెల్లపు విపణి ఎంతో కాలముగ పేరు గలది. చెరకు ఏడాది పట్టు పైరు. నాటిన నాటినుండి సొమ్ము చేతికి వచ్చువరకు ఎరువునకు, కూలికి, పిల్లల చదువునకు, పెండ్లికి రైతు అప్పు తెచ్చును. అప్పు తెచ్చినపుడు కాగితము వ్రాయును. ఆ కాగితముపై సాక్షిగ సంతకము చేయుటకు పిలువబడువాడు తరచుగ పంచాయతీ సభ్యుడే. కనుక ఈ విషయము సభ్యులకు పరుల విషయము కాదు.

ప్రామిసరీ నోటు

ఇట్టి పత్రములకు మూలమైన చట్టము 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము. ఇది 1882 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, పలుమార్లు సవరింపబడి, నేటికిని అమలులో నున్నది. నెగోషియబుల్ అనగా చేతులు మారుటకు వీలైనది. మామూలు బాకీకిని దీనికిని భేదము ఇచ్చటనే యున్నది. అప్పిచ్చిన షావుకారు తన చేతిలోని నోటును వెనుక సంతకము చేసి మరియొకనికి బదిలీ చేయవచ్చును. ఆ మూడవ వ్యక్తి సొమ్ము చెల్లించి, గడువు తీరక ముందే, ఏ లోపము ఎరుగక నోటు పుచ్చుకొన్నచో, అప్పు వ్రాసిన రైతు "నాకు షావుకారు పూర్తి సొమ్ము ఇవ్వలేదు" అని అతనితో వాదించుట మిక్కిలి కష్టము. నోటు ఒక నోటిమాటకు సాక్ష్యము మాత్రమే కాదు; అది తానే ఒక సరకువలె నడచును. సంతకము చేయువారు ఈ సంగతిని మొట్టమొదట గ్రహింపవలెను.

ఆ చట్టము 4వ సెక్షనులో ప్రామిసరీ నోటునకు అర్థము చెప్పినది. ఒక నిర్ణీత వ్యక్తికి గాని, అతని ఆనతి పొందినవానికి గాని, నిర్ణీతమైన సొమ్మును, ఏ షరతును లేకుండ చెల్లించెదనని వ్రాతపూర్వకముగ వాగ్దానము చేసి, వ్రాసి యిచ్చువాడు సంతకము చేసిన పత్రమే ప్రామిసరీ నోటు. వ్రాత రానివాని వేలిముద్రయు సంతకమే యగును. పత్రము తెచ్చినవాని కెవనికైనను చెల్లించెదనని వ్రాయుటకును ఆ నిర్వచనములో చోటున్నది గాని, 1934వ సంవత్సరపు రిజర్వు బ్యాంకు చట్టము అట్టి నోటు వ్రాయుటను ప్రజలకు నిషేధించినది. కారణము స్పష్టమే. తెచ్చినవానికి చెల్లించెదనను కాగితమును ప్రతివాడును వ్రాసినచో ప్రతివాడును నాణెము ముద్రించినట్లే. మన చేతిలో తిరుగు కరెన్సీ నోటుపై రిజర్వు బ్యాంకు గవర్నరు చేసిన వాగ్దానమున్నను, కరెన్సీ నోటు ఈ నిర్వచనమునుండి ప్రత్యేకముగ మినహాయింపబడినది. ఒక రూపాయి నోటుపై ఆ వాగ్దానమును కానరాదు. దానిని వెలువరించునది రిజర్వు బ్యాంకు కాదు, కేంద్ర ప్రభుత్వము.

నిర్వచనములోని ఒక్కొక్క మాటను మన ఊరి వ్యవహారమునకు అన్వయించి చూతము. "మీవద్ద 50,000 రూపాయలు తీసుకొన్నాను" అని మాత్రమే వ్రాసి సంతకము చేసిన కాగితము నోటు కాదు. సొమ్ము ముట్టినట్లు అందున్నది గాని చెల్లించెదనను వాగ్దానము లేదు, అది రసీదు. "మీకు 50,000 రూపాయలు బాకీ యున్నాను, మీరు కోరినపుడు చెల్లింపవలసినది" అని వ్రాసినచో నోటగును, "వాగ్దానము" అను మాట లేకున్నను వాగ్దానము స్పష్టముగ నున్నది. "కర్మాగారమునుండి చెరకు బిల్లు వచ్చిన పిమ్మట చెల్లించెదను" అనునది నోటు కాదు. బిల్లు వచ్చుట జరుగవచ్చును, జరుగకపోవచ్చును, అది షరతు. "వచ్చు సంక్రాంతి నాటికి చెల్లించెదను" అనినచో నోటే. సంక్రాంతి రాక తప్పదు. "50,000 రూపాయలును, పది బెల్లపు దిమ్మలును ఇచ్చెదను" అని వ్రాసిన పత్రము నోటు కాదు. నోటులో వాగ్దానము సొమ్మునకే గాని సరకునకు కాదు. "50,000 రూపాయలును, లెక్క చూడగా తేలు పాత బాకీయును చెల్లించెదను" అనినను కాదు. మొత్తము నిర్ణీతము కాలేదు. వడ్డీ కలిసినంత మాత్రమున మొత్తము అనిర్ణీతము కాదని చట్టమే చెప్పినది.

నోటు కాని కాగితము పనికిమాలినదని అర్థము కాదు. అది రసీదుగనో, ఒప్పందముగనో సాక్ష్యమునకు వచ్చును. కాని నోటునకు గల ప్రత్యేక బలము దానికి ఉండదు. నోటు వ్రాసినవాడు ప్రతిఫలము పుచ్చుకొనియే వ్రాసెనని న్యాయస్థానము ముందుగనే భావించును; కాదని చూపవలసిన భారము వ్రాసినవానిదే. 118వ సెక్షను సారమిది.

మన ప్రాంతపు నోట్లలో "తమకు గాని, తమ ఆర్డరు పొందినవారికి గాని" అను వాక్యభాగము ఆనవాయితీగ నుండును. వ్రాయసకాండ్రలో కొందరు దీనిని అలంకారమని తలచి విడిచిపెట్టుదురు. ఇది అలంకారము కాదు. 1899వ సంవత్సరపు స్టాంపు చట్టము ప్రకారము, సాక్షి సంతకము కలిగి, ఆర్డరు పొందినవారికి చెల్లించు మాట లేని అప్పు పత్రము బాండు అగును. మన ఊళ్లలో సాక్షి లేని నోటు అరుదు. ప్రామిసరీ నోటునకు సాక్షి అవసరము లేదని చట్టమున్నను, పెద్దమనిషి సంతకము లేనిదే అప్పిచ్చువానికి తృప్తి కలుగదు. కాబట్టి సాక్షులను పెట్టి ఆ నాలుగు మాటలను విడిచినచో పత్రము జాతియే మారిపోవును. బాండునకు స్టాంపు సుంకము ఎక్కువ. రెవెన్యూ స్టాంపు మాత్రమే అంటించిన పత్రము కోర్టులో ఆగిపోయి, లోటు సుంకమును జరిమానాతో కట్టవలసి వచ్చును. సాక్షిగ సంతకము చేయుటకు ముందు సభ్యుడు ఈ మాటలున్నవో లేవో చూచుట ఇరుపక్షములకును మేలు.

బాండునకు జరిమానా కట్టి బయటపడు దారి యైనను కలదు. ప్రామిసరీ నోటునకు అదియు లేదు. తగిన స్టాంపు లేని నోటును జరిమానా కట్టినను సాక్ష్యముగ స్వీకరింపరాదని స్టాంపు చట్టము 35వ సెక్షను శాసించుచున్నది. అంటించిన స్టాంపును అడ్డముగ సంతకము చేసి చెరపనిచో స్టాంపు లేనట్లే లెక్క. రూపాయి విలువ చేయు కాగితపు ముక్క వేల రూపాయల అప్పును నిలువబెట్టుటయో పడగొట్టుటయో చేయును. ఇది వినుటకు కఠినముగ తోచును గాని, చట్టము అట్లే యున్నది.

ఖాళీ నోటు

ఇంతకంటె కఠినమైనది 20వ సెక్షను. స్టాంపు అంటించి, సంతకము చేసి, మొత్తము వ్రాయక ఖాళీగ విడిచిన కాగితమును ఒకరి చేతికిచ్చినవాడు, ఆ స్టాంపునకు సరిపడు మొత్తమునకు లోబడి ఎంతయైనను నింపుకొనుటకు అతనికి అధికారమిచ్చినట్లే యని ఆ సెక్షను చెప్పుచున్నది. "స్టాంపునకు సరిపడు" అను హద్దు కాపాడునని ఆశపడరాదు. కోరినపుడు చెల్లించు నోటునకు స్వల్పమైన స్టాంపే ఎంతటి మొత్తమునకైనను చాలును గనుక నేడు ఆ హద్దు పేరుకు మాత్రమే.

ఒక రైతు 20,000 రూపాయలు తీసుకొని, "నమ్మకము కొరకు" రెండు ఖాళీ నోట్లపై సంతకము చేసి యిచ్చెననుకొందము. అప్పు తీర్చెను, నోట్లు తిరిగి అడుగుటకు మొగమోటపడెను. రెండేండ్ల పిమ్మట పొరపొచ్చెములు వచ్చి, అందొక నోటు 3,00,000 రూపాయలకు నిండి కోర్టుకు చేరెను. సంతకము తనదే యని రైతు ఒప్పుకొనక తప్పదు. ఆ తరువాత తాను పుచ్చుకొన్నది ఇంతయేయని, తీర్చితినని చూపుట ఆయన వంతు. సాక్ష్యమున్నచో బయటపడును, అప్పిచ్చినవాని స్తోమత, చుట్టుపట్ల పరిస్థితులు, లెక్కలలోని పొరపాట్లు అన్నియు న్యాయమూర్తి చూచును. లేనిచో డిక్రీ వచ్చును. డిక్రీ వచ్చిన వెనుక భూమి వేలమునకు వచ్చును. ఒక ఎకరము చెరకు తోట పోవుటకు ఇంతకంటె పెద్ద కుట్ర అవసరము లేదు.

సభ్యులు సాక్షులుగ నుండునపుడు మొత్తమును అంకెలలోను అక్షరములలోను వ్రాయించవలెను. రెండింటికిని భేదమున్నచో అక్షరములే ప్రమాణమని 18వ సెక్షను. తేదీ, స్థలము, వడ్డీ రేటు వ్రాయించి, మిగిలిన ఖాళీలను గీత గీయించవలెను. నేడు ప్రతి యింటను కెమెరా గల ఫోను కలదు. నోటు ముందు వెనుకలకు ఫోటో తీసి అప్పు తీసుకొన్నవాడు ఉంచుకొన్నచో, తరువాత ఒక సున్న చేరినను పట్టుబడును. ఒప్పుదల లేక ముఖ్యమైన మాటను దిద్దిన పత్రము, ఒప్పుకొననివానిపై చెల్లదని 87వ సెక్షను చెప్పుచున్నది. అయితే నిండిన నోటును దిద్దుట వేరు, ఖాళీ నోటును నింపుట వేరు. మొదటిది దోషము; రెండవది చట్టమిచ్చిన అధికారము.

వడ్డీ రేటు వ్రాయని నోటునకు నూటికి సాలుకు 18 రూపాయల చొప్పున వడ్డీ నడచునని 80వ సెక్షను. "రెండు రూపాయల వడ్డీ" అని ఊరిలో అనునది నెలకు నూటికి రెండు. అనగా సాలుకు 24. మాటలో రెండు అని వినుటకు తక్కువగ తోచును గాని, పత్రములో సాలు లెక్కయే వ్రాయించుట మంచిది. వడ్డీ మితిమీరి వ్యవహారము అన్యాయముగ నున్నచో దానిని తిరుగదోడి తగ్గించు అధికారము న్యాయస్థానమునకు 1918వ సంవత్సరపు యూజూరియస్ లోన్సు చట్టము ఇచ్చియున్నది.

చెల్లు, కాలదోషము

కోరినపుడు చెల్లించు నోటునకు వ్రాసిన తేదీనుండి మూడేండ్లు ఆయువు. ఆ లోపల దావా వేయనిచో కాలదోషము పట్టును. షావుకారు మొదటిసారి అడిగిన నాటినుండి మూడేండ్లని చాలమంది తలచుదురు, అది తప్పు. మధ్యలో కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక చెల్లు వేసినచో, ఆ చెల్లు నాటినుండి క్రొత్త మూడేండ్లు లెక్కకు వచ్చును. కాని 1963వ సంవత్సరపు లిమిటేషన్ చట్టము 19వ సెక్షను ప్రకారము, ఆ చెల్లు సొమ్ము చెల్లించినవాని స్వహస్తముతోనైనను, అతని సంతకముతోనైనను ఉండవలెను. షావుకారు తానే వ్రాసికొని తానే సంతకము చేసిన చెల్లు నోటు ఆయువును పెంచజాలదు.

ఇందు రైతునకొక చిక్కు కలదు. చెల్లు నోటు వెనుక పడును. నోటు షావుకారు పెట్టెలో నుండును. రైతు చేతిలో ఏమియు నుండదు. కాబట్టి చెల్లు వేసిన ప్రతిసారియు వేరుగ రసీదు పుచ్చుకొనవలెను. 5,000 రూపాయలు దాటిన రసీదునకు ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు అవసరము. బాకీ పూర్తిగ తీర్చు దినమున, సొమ్ము లెక్కించుటకు ముందే నోటు చూపుమని అడుగుటకును, చెల్లించిన వెంటనే నోటు తిరిగి పుచ్చుకొనుటకును 81వ సెక్షను హక్కు ఇచ్చుచున్నది. "నోటు ఎచ్చటనో పెట్టితిని, దొరికిన తరువాత చించివేసెదను" అనువారికి సొమ్ము ముట్టజెప్పరాదు.

తూకపు చీటి విషయము ఇచ్చట చెప్పవలసి యున్నది. కర్మాగారమునకు చెరకు తోలిన రైతు చేతికి తూకపు చీటి వచ్చును. దానిని షావుకారు చేతిలో పెట్టి సొమ్ము తెచ్చుకొన్నచో హక్కు బదిలీ యైనదా? కాలేదు. ఆ చీటిలో ఇన్ని టన్నుల చెరకు ముట్టినదని యున్నది గాని, ఇన్ని రూపాయలు ఫలానివానికి చెల్లించెదనను వాగ్దానము లేదు. చెల్లింపుమను ఆజ్ఞయు లేదు. అది నోటు కాదు, చెక్కు కాదు. చెరకు ధరపై రైతునకు గల హక్కు వేరుగ నున్నది. చెరకు ముట్టిన 14 దినములలో ధర చెల్లింపవలెనని, ఆలస్యమునకు సాలుకు నూటికి 15 వంతున వడ్డీ ఈయవలెనని 1966వ సంవత్సరపు షుగర్‌కేన్ కంట్రోలు ఆర్డరు నిర్దేశించినది. ఆ హక్కును పరులకు వ్రాసి యియ్యవలెనన్నచో ఆస్తి బదిలీ చట్టము ప్రకారము సంతకముతో కూడిన వేరు పత్రము కావలెను. కర్మాగారమునకు దాని నోటీసు అందవలెను. చీటి చేతులు మారినంత మాత్రమున బాకీ చేతులు మారదు.

హుండీ, బిల్లు

నోటులో ఇద్దరే పాత్రధారులు. బిల్ ఆఫ్ ఎక్స్చేంజిలో ముగ్గురు. "ఫలానివానికి ఇంత సొమ్ము చెల్లింపుము" అని ఒకడు మరియొకనికి షరతులేని ఆజ్ఞ వ్రాసి సంతకము చేసినచో అది బిల్లగును. అనకాపల్లిలో బెల్లము అమ్మినవాడు దూరపు పట్టణములోని కొనుగోలుదారుపై వ్రాసి, తనకు సొమ్ము ఈయవలసిన చోట దానిని ముట్టజెప్పుట ఇట్టిదే. చూపిన వెంటనే చెల్లునది దర్శనీ హుండీ. గడువు పెట్టినది ముద్దతి హుండీ. దేశభాషలలో వ్రాసిన ఇట్టి పత్రముల స్థానిక ఆచారములను 1881 చట్టము తన మొదటి సెక్షనులోనే కాపాడినది. తెలుగువారికి హుండీ యనగానే దేవాలయములోని కానుకల పెట్టె తోచును. అందు వేసిన సొమ్ము తిరిగి రాదు. వర్తకుని హుండీకి తిరిగి వచ్చుటయే ప్రయోజనము. నేడు గ్రామములలో దీని వాడుక అరుదు గనుక ఇంతటితో చాలును.

చెక్కు

చెక్కు బిల్లులోని ఒక తెగయే. అది బ్యాంకుపై వ్రాయబడును; కోరినపుడే చెల్లును. 2002లో వచ్చిన సవరణ తరువాత, స్కానుచేసి ఒక బ్యాంకునుండి మరియొక బ్యాంకునకు పంపిన చెక్కు ప్రతిబింబమును చెక్కుగనే భావింపబడుచున్నది. 2012 ఏప్రిల్ 1 నుండి చెక్కుకు వ్రాసిన తేదీనుండి మూడు మాసములు మాత్రమే ఆయువు. ఎడమమూల రెండు అడ్డగీతలు గీచినచో బ్యాంకు కిటికీవద్ద నగదు ఈయరు, ఖాతాలోనికే పోవును. ఆ గీతల నడుమ "ఎకౌంట్ పేయీ" అని వ్రాసినచో పేరున్నవాని ఖాతాలోనికే. బ్యాంకులో ఖాతాదారు నింపు విత్‌డ్రాయల్ ఫారము చెక్కు కాదు. దానిని పరులకు చెల్లింపుగ ఈయరాదు.

ఖాతాలో సొమ్ము చాలక చెక్కు తిరిగి వచ్చినచో, 138వ సెక్షను ప్రకారము అది నేరము. ఈ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. రెండేండ్లవరకు కారాగారము గాని, చెక్కు మొత్తమునకు రెట్టింపువరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే చెక్కు ఋణము తీర్చుటకు ఇచ్చినదై యుండవలెను. దానముగ ఇచ్చిన చెక్కునకు ఈ సెక్షను తగులదు.

ఈ నేరము తనంతట తాను కోర్టుకు నడువదు. గడువులు తప్పినచో కేసు పోవును. బ్యాంకు మెమో జనవరి 5న అందినదనుకొందము. 30 దినములలోగా, అనగా ఫిబ్రవరి 4లోగా, సొమ్ము చెల్లింపుమని చెక్కు ఇచ్చినవానికి వ్రాతమూలకముగ నోటీసు పంపవలెను. నోటీసు ఫిబ్రవరి 10న అతనికి అందినచో, చెల్లించుటకు 15 దినములు, అనగా ఫిబ్రవరి 25 వరకు వ్యవధి. అప్పటికిని చెల్లింపనిచో ఆ పిమ్మట ఒక మాసములోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవలెను. పంచాయతీ పెద్దలు "పండుగ పోనీ, మాట్లాడుదము" అని రెండు మాసములు జరిపి సంధికి పూనుకొనుట మంచి మనసుతోనే జరుగును. ఆ మంచి మనసు వలననే ఫిర్యాదుదారు గడువు కోల్పోవును. నోటీసు పంపిన తరువాత కూడ సంధి చేసికొనవచ్చును. ఈ నేరము రాజీకి వీలైనది.

ఏ ఊరి కోర్టులో వేయవలెను? 2014లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి, చెక్కు ఇచ్చినవాని బ్యాంకు ఎచ్చట నున్నదో అచ్చటికే పోవలసి వచ్చెను. దూరపు వర్తకునికి సరకమ్మిన రైతునకు అది భరింపరాని భారము. 2015 సవరణతో ఆ చిక్కు తొలగినది. తన ఖాతాలో వేసిన చెక్కు తిరిగి వచ్చినచో, ఆ ఖాతా యున్న శాఖ ఏ కోర్టు హద్దులో నున్నదో అచ్చటనే ఫిర్యాదు చేయవచ్చును. చోడవరములోని శాఖలో ఖాతా గల రైతు, చెక్కు ఏ మహానగరపు బ్యాంకుదైనను, అచ్చటికి పరుగెత్తనక్కరలేదు.

ఖాళీ నోటువలెనే ఖాళీ చెక్కు. స్వచ్ఛందముగ సంతకము చేసి యిచ్చిన ఖాళీ చెక్కును పుచ్చుకొన్నవాడు నింపినను, ఋణము కొరకే ఇచ్చెనను భావన దానికిని వర్తించునని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పినది. "హామీకి మాత్రమే ఇచ్చితిని" అను మాటకు ఆధారము చూపవలసినవాడు సంతకము చేసినవాడే. పొదుపు సంఘముల అధ్యక్షురాండ్రు పని సులువగునని చెక్కు పుస్తకమంతయు ముందుగ సంతకములు చేసి విడుచుట కలదు. మన అక్కచెల్లెండ్ర నమ్మకమును ఎవరును శంకింపరు. కాని ఆ పుస్తకము ఎవరి చేత పడినను సంతకము వారిదే.

మనియార్డరు

పూర్వము ఈ సీమనుండి రంగము వెళ్లినవారు ఇంటికి సొమ్ము పంపిన తపాలా మనియార్డరు వీటిలో చేరదు. 1880లో తపాలా శాఖ ఆరంభించిన ఈ ఏర్పాటులో, పుచ్చుకొనువాడు ఫారము వెనుక సంతకము చేసి దానిని మరియొకనికి అమ్ముటకు వీలు లేదు. పైగా 1898వ సంవత్సరపు తపాలా చట్టము, పంపినవానికి దానిని వెనుకకు పిలుచుటకును, పేరు మార్చుటకును అధికారమిచ్చినది. ఆ చట్టమునకు బదులు 2023వ సంవత్సరపు క్రొత్త చట్టము 2024 జూన్ 18న అమలులోనికి వచ్చినది. బ్యాంకు డ్రాఫ్టు ఇందుకు భిన్నమైనది. ఒక శాఖ మరియొక శాఖపై వ్రాయునది గనుకను, సొమ్ము ముందే కట్టబడినది గనుకను చాలలేదని తిరిగి రాదు. 2018 సెప్టెంబరు 15 నుండి డ్రాఫ్టు కొన్నవాని పేరును దానిపై ముద్రింపబడుచున్నది.

ఫోను ద్వారా చెల్లింపు

2016లో యూపీఐ ఆరంభమైన తరువాత సంత బేరము కూడ ఫోనుపైకి వచ్చినది. ఇది ఏ జాతి పత్రము? పత్రమే కాదు. 1881 చట్టమునకు ఇది లోబడదు. 2007వ సంవత్సరపు పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టము దీనికి వేరు పేరు పెట్టినది. తన ఖాతానుండి సొమ్ము తీయుమనియో, ఖాతాలో చేర్చుమనియో ఎలక్ట్రానిక్ సాధనముల ద్వారా బ్యాంకునకు ఇచ్చు ఆదేశము వలన జరుగు బదిలీ "ఎలక్ట్రానిక్ ఫండ్స్ ట్రాన్స్‌ఫర్" అనబడును. ఏ.టి.యం., కార్డు, ఇంటర్నెట్టు, టెలిఫోను ద్వారా జరుగునవన్నియు ఇందు చేరును. ఇట్టి చెల్లింపు వ్యవస్థను రిజర్వు బ్యాంకు అనుమతి లేక ఎవరును నడుపరాదు.

ఆచరణలో దీని ఫలితమేమి? చేతిలో మిగులు పత్రము లేదు గనుక బదిలీ చేయుటకేమియు లేదు. చెక్కు సొమ్ము తీయకముందు బ్యాంకునకు వ్రాసి ఆపవచ్చును. ఫోను చెల్లింపు క్షణములో ముగియును గనుక ఆపుట యనునది లేదు. పుచ్చుకొనువాని వైపు ఆధారము అతని ఖాతాలో పడిన సొమ్మేగాని, ఎదుటివాని ఫోనుపై కనబడు పచ్చని గుర్తు కాదు. ఆ గుర్తునకు బొమ్మ తయారుచేయుట కష్టము కాదు. బెల్లము బండి కదలుటకు ముందు తన బ్యాంకు సందేశమునో, ఖాతానో చూచుకొనవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కనక్కరలేదు. పిన్ను నొక్కుమని ఎవరైన చెప్పినచో సొమ్ము వచ్చుట కాదు, పోవుట. మోసము జరిగినచో వెంటనే బ్యాంకునకును, 1930 అను నెంబరునకును తెలుపవలెను.

ట్రాక్టరు వాయిదాలు ప్రతి నెలయు ఖాతానుండి వాటంతట అవి పోవునట్లు రైతు ముందుగ అంగీకార పత్రము ఇచ్చియుండును. ఖాతాలో సొమ్ము లేక ఆ బదిలీ విఫలమైనచో, ఈ 2007 చట్టము 25వ సెక్షను ప్రకారము అదియు చెక్కు తిరిగివచ్చినట్టి నేరమే, శిక్షయు అంతయే. "నేను చెక్కు ఇయ్యలేదు గదా" అను సమాధానము చెల్లదు.

వాట్సాపులో "మీకు లక్ష రూపాయలు ఇచ్చెదను" అని వ్రాసి పంపినచో నోటగునా? కాదు. ఎలక్ట్రానిక్ పత్రములకు గుర్తింపునిచ్చు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము, చెక్కు తప్ప తక్కిన ఈ పత్రములను తన పరిధినుండి మినహాయించినది. 2022లో ఆ మినహాయింపును సడలించి, రిజర్వు బ్యాంకు మొదలగు నియంత్రణ సంస్థల క్రిందనున్న బ్యాంకులు, కంపెనీల పేర వ్రాయు డిమాండు నోట్లకు వీలు కల్పించిరి. ఇరుగుపొరుగుల మధ్య నోటు ఇప్పటికిని సిరా, కాగితము, స్టాంపు కోరును. ఆ సందేశము అప్పునకు సాక్ష్యముగ మాత్రము పనికివచ్చును.

పంచాయతీ చెల్లింపులు

ఇక సభ్యుల సొంత కార్యాలయపు విషయము. 2020 ఏప్రిల్ 24న ఆరంభమైన ఈ-గ్రామస్వరాజ్ ఏర్పాటుతో ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపులు కంప్యూటరు ద్వారా డిజిటల్ సంతకముతో జరుగుచున్నవి. పంచాయతీవారికి ఇచ్చు చిన్న తాళము వంటి పరికరములో ఆ సంతకముండును. దానికొక రహస్య సంఖ్య యుండును. ఈ పరికరమును, సంఖ్యను కలిపి కంప్యూటరు వ్రాయువానివద్ద విడుచుట, చెక్కు పుస్తకమంతయు సంతకము చేసి విడుచుట వంటిదే. చెక్కు దిద్దినచో సిరా తేడా కనబడును. ఇచ్చట ఏ తేడాయు కనబడదు. ఎవరు నొక్కినను సంతకము సర్పంచిదే.

సభలో సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. ఈ చెల్లింపునకు తీర్మానమున్నదా? కొలత పుస్తకములోని మొత్తమును, పంపిన మొత్తమును ఒకటేనా? సొమ్ము పోయిన ఖాతా పనిచేసినవానిదేనా? తాళము ఎవరి చేతిలో నున్నది? ఈ చివరి ప్రశ్న అడుగుటకు సర్పంచిపై అనుమానముండనక్కరలేదు. సంతకపు తాళము తన అధీనములో నుండునట్లు తగిన జాగ్రత్త వహించు బాధ్యతను సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను ఆ సంతకము పొందినవారిపైననే పెట్టినది. అది పోయినను, రహస్య సంఖ్య పరులకు తెలిసినను, ధ్రువపత్రమిచ్చిన సంస్థకు ఆలస్యము లేక తెలియజేయవలెను. అట్లు తెలియజేయువరకు బాధ్యత ఆ సంతకము పొందినవారిదే. కావున సమాచారమిచ్చిన తేదీని, వేళను పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచవలెను.